హాస్కెల్‌లో యాంబిగ్యువస్ టైప్ ఎర్రర్‌ను విప్పడం, డిఫాల్ట్‌లను అదుపులో పెట్టుకోవడం ఎలా

హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునేవాళ్లు మొదట్లో రాసే ప్రోగ్రాముల్లో ఒకటి ఇలా ఉంటుంది. కీబోర్డు నుంచి ఒక లైను తీసుకోవాలి, దాన్ని విలువగా మార్చాలి, ఆ విలువను స్క్రీన్ మీద చూపించాలి.

    మెయిన్ = డూ
      వరస <- గెట్‌లైన్
      ప్రింట్ (రీడ్ వరస)

కోడ్‌ను ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను, ఎడిటర్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి. ఇది కంపైల్ అవదు. ఎ0 అనే టైప్ వేరియబుల్ (ఇంకా తేలని టైపుకు పెట్టిన పేరు) యాంబిగ్యువస్‌గా ఉంది, అంటే అది ఏ టైపో తేల్చే ఆధారం లేదు, అందువల్ల రీడ్ ఎ0 అనే కన్‌స్ట్రెయింట్‌ను (ఆ టైపు మీదున్న షరతును) తేల్చలేకపోతున్నాను అని హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ చెబుతుంది. కొత్తవాళ్లకు ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది. నెట్‌లో దొరికిన ఏదో ఒక టైపును అతికించి ముందుకు పోతారు.

ఈ ఎర్రర్ వచ్చినప్పుడు మీకు ఏ నష్టమూ లేదు. అసలు జాగ్రత్త పడాల్సింది ఇదే చిక్కు ఉండి కూడా ఎర్రర్ రానప్పుడు. కంపైలర్ మిమ్మల్ని అడక్కుండా తనే ఒక టైపును ఎంచుకుని ఊరుకున్న చోట్లే తర్వాత ఇబ్బంది పెడతాయి. అందుకే ఎర్రర్‌ను విప్పడం ఎలాగో చూశాక, రాని ఎర్రర్‌ను రప్పించడం ఎలాగో కూడా చూద్దాం.

1. ముందు మెసేజ్ మొత్తం చదవండి

జీహెచ్‌సీ 9.6 నుంచి ఎర్రర్లకు నంబర్లు వస్తున్నాయి. ఈ కుటుంబానికి తరచుగా కనిపించే నంబరు 39999. మెసేజ్‌లో మూడు సంగతులు వెతకండి. తేలని వేరియబుల్ ఏది? సాధారణంగా ఎ0, టి0 లాంటి పేరుతో ఉంటుంది. దాని మీద ఉన్న క్లాసు (ఒక టైపు చేయగలగాల్సిన పనుల జాబితా) ఏది? ఏ ఫంక్షన్ వాడటం వల్ల ఆ క్లాసు అవసరం పడింది? కింద ఇన్‌స్టెన్స్‌ల (ఒక్కో టైపుకు ఆ క్లాసు పనులను రాసిన డెఫినిషన్ల) జాబితా ఒకటి ఇస్తుంది కానీ దానికి పెద్దగా విలువ ఇవ్వకండి. అవి అర్హత ఉన్న టైపులే తప్ప మీ ప్రోగ్రాముకు సరిపోయే టైపులని కాదు.

2. వేరియబుల్ ఎక్కడ పుట్టి ఎక్కడ మాయమైందో చూడండి

రీడ్, షో ఫంక్షన్ల సిగ్నేచర్లు (టైపును చెప్పే లైన్లు) పక్కపక్కన పెట్టండి. ప్రింట్ లోపల వాడేది షోనే.

    రీడ్ :: రీడ్ ఎ => స్ట్రింగ్ -> ఎ
    షో :: షో ఎ => ఎ -> స్ట్రింగ్

రీడ్ దగ్గర ఎ పుడుతుంది. షో దాన్ని మింగేస్తుంది. రెండూ కలిపితే లోపలికి స్ట్రింగ్, బయటికి స్ట్రింగ్. మధ్యలో ఉన్న ఎ బయటికి ఎక్కడా కనపడదు. బయటి నుంచి చూసి అది ఇంట్ (పూర్ణాంకం) అనో డబుల్ (దశాంశ సంఖ్య) అనో చెప్పే ఆధారం లేదు. యాంబిగ్యుటీ అంటే ఇంతే: కన్‌స్ట్రెయింట్‌లో ఉన్న వేరియబుల్ అసలు టైపులో ఎక్కడా లేకపోవడం.

దీని వెనక యంత్రాంగం తెలిస్తే ఎర్రర్ ఇంకా సులువుగా అర్థమవుతుంది. టైప్ క్లాసుల ఆలోచనను ఫిలిప్ వాడ్లర్, స్టీఫెన్ బ్లాట్ 1989లో ప్రచురించారు. హాస్కెల్ మొదటి రిపోర్టు 1990లో వచ్చినప్పటి నుంచీ అవి భాషలో భాగం. వాళ్లు చూపిన అమలు పద్ధతి ఇప్పటికీ జీహెచ్‌సీలో ఉంది. రీడ్ ఎ అనే కన్‌స్ట్రెయింట్ నడుస్తున్న ప్రోగ్రాములో కనపడని ఒక ఆర్గ్యుమెంట్‌గా మారుతుంది. ఆ ఆర్గ్యుమెంట్ ఒక డిక్షనరీ: ఆ టైపుకు సంబంధించిన ఫంక్షన్లన్నీ ఉన్న కట్ట. ఇంట్‌కు ఒక కట్ట, డబుల్‌కు ఇంకో కట్ట. ఎ ఏదో తెలియకపోతే ఏ కట్టను పంపాలో తెలియదు. ఊరి పేరు చెప్పకుండా కండక్టర్‌ను టికెట్ అడగడం లాంటిది అది.

ఈ కారణం వల్లే క్లాసు లేని వేరియబుల్ తేలకపోయినా ఎవరికీ ఇబ్బంది లేదు. ఖాళీ లిస్టు పొడవు అడగండి, బాగానే కంపైల్ అవుతుంది. లోపల ఏ టైపు వస్తువులున్నా పొడవు లెక్కకు వాటి డిక్షనరీ అక్కర్లేదు. అదే ఖాళీ లిస్టును ప్రింట్ చేయమంటే ఎర్రర్. లోపలి వస్తువులను చూపించడానికి షో డిక్షనరీ కావాలి కాబట్టి.

నిజమైన ప్రోగ్రాముల్లో ఈ చిక్కు ఎక్కువగా తగిలే చోట్లు కొన్ని ఉన్నాయి. రీడ్, రీడ్‌మేబీ, రీడ్‌ఎల్ఎన్ ఒక గుంపు. జేసన్ చదివే డీకోడ్ ఇంకొకటి. మ్యాక్స్‌బౌండ్, మెంప్టీ లాంటి ఆర్గ్యుమెంట్ లేని విలువలు మరొకటి. అన్నింటికీ ఉన్న పోలిక ఒక్కటే, ఫలితం టైపును బట్టి పని మారుతుంది. వాటి ఫలితాన్ని వెంటనే మింగేసే ఫంక్షన్ పక్కన పడితే ఎర్రర్ ఖాయం.

ఎక్సెప్షన్లు పట్టుకునే ట్రై ఫంక్షన్ కూడా ఈ కోవలోదే. చాలామంది ఊహించని చోటు ఇది.

    ఫలితం <- ట్రై (రీడ్‌ఫైల్ దారి)
    కేస్ ఫలితం ఆఫ్
      లెఫ్ట్ ఇ -> ప్రింట్ ఇ
      రైట్ పాఠం -> పుట్‌స్టర్ పాఠం

ఇక్కడ ఇ ఏ రకం ఎక్సెప్షనో ఎక్కడా చెప్పలేదు. ఫైలు దొరకని తప్పును మాత్రమే పట్టుకోవాలా, అన్నింటినీ పట్టుకోవాలా అన్నది మీ ప్రోగ్రాము నడతకు సంబంధించిన నిర్ణయం. తొందరలో సమ్‌ఎక్సెప్షన్ అని రాసేస్తే ఎర్రర్ పోతుంది, కానీ కంట్రోల్-సి కొట్టినప్పుడు వచ్చే ఎక్సెప్షన్ కూడా మీ లెఫ్ట్‌లోకే వచ్చి పడుతుంది. ఫైలు చదివే చోట ఐఓఎక్సెప్షన్ అని రాయండి.

3. టైపును నిర్ణయం ఉన్న చోటే రాయండి

టైపు రాయడానికి నాలుగైదు చోట్లున్నాయి. ఏది రాసినా ఎర్రర్ పోతుంది, కానీ అన్నీ ఒకే పని చేయవు.

అన్నింటికంటే చిన్నది, ఎక్స్‌ప్రెషన్‌కే టైపు తగిలించడం:

    ప్రింట్ (రీడ్ వరస :: ఇంట్)

2016లో జీహెచ్‌సీ 8.0తో టైప్‌అప్లికేషన్స్ అనే ఎక్స్‌టెన్షన్ (భాషకు ఆన్ చేసుకునే అదనపు సౌకర్యం) వచ్చింది, దీంతో @ గుర్తు పెట్టి ఫంక్షన్‌కే టైపు చెప్పవచ్చు. జీహెచ్‌సీ2021 అనే భాషా కూర్పులో ఇది ఉంటుంది కాబట్టి కొత్త కంపైలర్‌ను నేరుగా వాడితే విడిగా ఆన్ చేయాల్సిన పని లేదు. ప్రాజెక్టు సెట్టింగులుండే కబాల్ ఫైలులో పాత కూర్పు రాసి ఉంటే మాత్రం ఆన్ చేయాలి.

    ప్రింట్ (రీడ్ @ఇంట్ వరస)
    ఫలితం <- ట్రై @ఐఓఎక్సెప్షన్ (రీడ్‌ఫైల్ దారి)

నాకు ఇదే ఇష్టం. ఎందుకంటే చిక్కు పుట్టిన ఫంక్షన్ పక్కనే జవాబు ఉంటుంది, చదివేవాళ్లు వెతుక్కోనక్కర్లేదు. ఫంక్షన్‌కు రెండు మూడు టైప్ వేరియబుల్స్ ఉంటే సిగ్నేచర్‌లో కనిపించిన వరసలోనే @ విలువలు పడతాయి. మొదటిదాన్ని వదిలేసి రెండోది ఇవ్వాలంటే మొదటి చోట @_ పెట్టండి.

అయితే ఆ లైను పని ఒక పేరుకు తగినంత పెద్దదైతే, దాన్ని ఫంక్షన్‌గా విడగొట్టి సిగ్నేచర్ రాయడమే మంచి పద్ధతి.

    యూనిట్లు :: స్ట్రింగ్ -> మేబీ ఇంట్
    యూనిట్లు = రీడ్‌మేబీ

కరెంటు మీటరు రీడింగుల ఫైలు చదువుతున్నారనుకోండి. యూనిట్లు పూర్ణాంకాలే అన్న సంగతి ఇప్పుడు ప్రోగ్రాములో ఒకే ఒక్క చోట రాసి ఉంది. రేపు దశాంశాలు కూడా రావాలంటే మార్చాల్సిన చోటు అదొక్కటే. మిగతా అన్ని చోట్లా టైపు దానంతట అదే తేలుతుంది.

ఇందులో టైపు ఎంపిక ఎంత ముఖ్యమో చూడటానికి ఒక్క లైను చాలు: ఈజ్‌జస్ట్ (రీడ్‌మేబీ వరస). "ఈ స్ట్రింగ్ సరైనదేనా?" అని అడుగుతోంది. దేనికి సరైనది? "12.5" అనే స్ట్రింగ్ ఇంట్‌గా చెల్లదు, డబుల్‌గా చెల్లుతుంది. మీరు చెప్పకుండా కంపైలర్‌కు తెలిసే దారి లేదు, ఎర్రర్ ఇవ్వడమే న్యాయం.

4. ఎర్రర్ రాకుండా పోయే చోట్లను గుర్తుపట్టండి

ఈ మెట్టు మీద ఎక్కువసేపు నిలబడదాం. మొదటి ప్రోగ్రాములో చిన్న మార్పు చేయండి.

    ప్రింట్ (రీడ్ వరస + 1)

ఎక్కడా టైపు రాయలేదు, అయినా కంపైల్ అవుతుంది! 12 కొడితే 13 వస్తుంది. 2.5 కొడితే ప్రోగ్రాము నో పార్స్ అంటూ ఆగిపోతుంది. కూడిక చేర్చగానే చిక్కు తీరలేదు, కనపడకుండా పోయింది.

కారణం డిఫాల్టింగ్ నియమం. కూడిక వల్ల నమ్ అనే క్లాసు వచ్చి చేరింది. హాస్కెల్ 2010 రిపోర్టు ప్రకారం, తేలని వేరియబుల్ విషయంలో మూడు షరతులు నెరవేరితే కంపైలర్ తనే టైపు ఎంచుకుంటుంది. వేరియబుల్ కేవలం క్లాసు పేరు పక్కన విడిగా కనిపించాలి. దాని మీదున్న క్లాసుల్లో కనీసం ఒకటి సంఖ్యలకు సంబంధించినది, అంటే నమ్ గానీ దాని కింది క్లాసు గానీ, కావాలి. మొత్తం క్లాసులన్నీ ప్రెల్యూడ్ (ప్రతి ప్రోగ్రాముకూ దానంతట అదే వచ్చే లైబ్రరీ) లేదా ప్రామాణిక లైబ్రరీల్లోవే అయి ఉండాలి. అప్పుడు ఇంటీజర్, డబుల్ అనే జాబితాను వరసగా ప్రయత్నించి, అన్ని కన్‌స్ట్రెయింట్లకూ సరిపడే మొదటిదాన్ని తీసుకుంటుంది. పై లైనులో ఇంటీజర్ సరిపోయింది. + 1 బదులు / 2 రాసి ఉంటే భాగహారం ఇంటీజర్‌కు లేదు కాబట్టి డబుల్ అయ్యేది.

ఈ నియమాన్ని పెట్టినవాళ్లను తప్పుపట్టలేం. ఇది లేకపోతే 2 ^ 10 అని రాయడానికి కూడా రెండు సంఖ్యలకూ టైపులు రాయాలి. ఘాతం గుర్తు సిగ్నేచర్ చూడండి:

    (^) :: (నమ్ ఎ, ఇంటిగ్రల్ బి) => ఎ -> బి -> ఎ

ఇందులో బి ఫలితంలో లేదు. కాబట్టి ఎక్స్ ^ 2 అని రాసిన ప్రతిసారీ ఆ 2 యాంబిగ్యువస్సే, ప్రతిసారీ ఇంటీజర్‌గా డిఫాల్ట్ అవుతోంది. నిత్యం వాడే గుర్తులోనే ఇది ఉంది కాబట్టి డిఫాల్టింగ్ లేని హాస్కెల్ రాయడం నిజంగా కష్టంగా ఉండేది.

కానీ దాని ఫలితాలు తెలుసుకుని వాడాలి. ఇంటీజర్‌కు హద్దు లేదు, ఇంట్ 64 బిట్ల యంత్రంలో 9223372036854775807 దగ్గర ఆగుతుంది. 2 ^ 64 ను టైపు లేకుండా ప్రింట్ చేస్తే 18446744073709551616 వస్తుంది. అదే ఎక్స్‌ప్రెషన్‌ను ఇంట్ తీసుకునే ఫంక్షన్‌కు ఇస్తే జవాబు 0. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండా, చుట్టూ ఉన్న ఫంక్షన్ మారినందుకే విలువ మారిపోయింది. దీన్ని అర్థం చేసుకున్నవాళ్లు ముఖ్యమైన సంఖ్యలకు టైపు రాయకుండా వదలరు.

డబ్బు లెక్కల్లో ఇది ఇంకా సూటిగా తగులుతుంది. రూపాయలను ఎక్కడో భాగించారు, టైపు రాయలేదు, డబుల్‌గా డిఫాల్ట్ అయింది. డబుల్‌లో 0.1 + 0.2 కు వచ్చే జవాబు 0.30000000000000004. బిల్లులు, జీతాలు, వడ్డీలు లెక్కగట్టే ప్రోగ్రాములో పైసలను పూర్ణాంకాలుగా పెట్టుకోండి, లేదా రేషనల్ వాడండి. ఏదైనా సిగ్నేచర్‌లో మీ చేత్తో రాయండి.

ఫ్రమ్‌ఇంటిగ్రల్ దగ్గర కూడా ఒక కంట కనిపెట్టండి. ఫ్రమ్‌ఇంటిగ్రల్ (ట్రంకేట్ ఎక్స్) అని రాస్తే ట్రంకేట్ ఇచ్చిన మధ్య విలువ టైపు బయటికి కనపడదు. అది ఇంటీజర్‌గా డిఫాల్ట్ అవుతుంది. జవాబు సాధారణంగా సరైనదే వస్తుంది, కానీ వేగం ముఖ్యమైన లూపు లోపల అనవసరంగా హద్దులేని పూర్ణాంకాలతో పని జరుగుతుంటుంది.

ఇక ఆర్గ్యుమెంట్ లేని డెఫినిషన్లు. సిగ్నేచర్ లేకుండా ఇలా రాశారనుకోండి:

    రెట్టింపు = (* 2)

ఏ సంఖ్యకైనా పనిచేస్తుందని మీ ఉద్దేశం. కానీ మోనోమార్ఫిజం రెస్ట్రిక్షన్ అనే నియమం వల్ల ఇలాంటి డెఫినిషన్‌కు ఒకే టైపు దక్కుతుంది. అదే మాడ్యూల్‌లో ఇంకో వాడకం ఏదీ టైపును తేల్చకపోతే ఇంటీజర్‌గా స్థిరపడుతుంది. తర్వాత వేరే ఫైలులో డబుల్‌కు వాడితే టైపులు కలవడం లేదని ఎర్రర్ వస్తుంది, అది కూడా అసలు కారణానికి దూరంగా ఉన్న లైనులో. మందు సులువు. ఆర్గ్యుమెంట్‌ను పైకి తెచ్చి రెట్టింపు ఎక్స్ = ఎక్స్ * 2 అని రాయండి, లేదా సిగ్నేచర్ రాయండి. నా సలహా రెండోది, టాప్ లెవెల్‌లో ఉన్న ప్రతి పేరుకూ.

5. డిఫాల్ట్ జరిగినప్పుడల్లా మీకు తెలిసేలా చేయండి

జీహెచ్‌సీలో టైప్-డిఫాల్ట్స్ అనే వార్నింగ్ ఉంది. చాలా వార్నింగులను ఒకేసారి చూపించే వాల్ ఫ్లాగ్ ఆన్ చేస్తే ఇదీ ఆన్ అవుతుంది. ఏ వేరియబుల్‌ను ఏ టైపుకు డిఫాల్ట్ చేశానో, ఏ లైనులోనో జీహెచ్‌సీ చెబుతుంది. పాత ప్రాజెక్టులో మొదటిసారి ఆన్ చేస్తే వార్నింగులు వరదలా రావచ్చు, కంగారు పడకండి. ఎక్కువ భాగం ఘాతం గుర్తు పక్కనున్న 2, 3 అంకెలే అయి ఉంటాయి. వాటికి 2 :: ఇంట్ అని రాయండి. వర్గం అయితే ఎక్స్ * ఎక్స్ అని రాస్తే ఇంకా హాయి. అవి పోయాక మిగిలేవే మీరు నిజంగా ఆలోచించాల్సినవి.

డబ్బు, కొలతలు, ఆరోగ్య సమాచారం లాంటివి నడిపే మాడ్యూల్ అయితే వార్నింగ్‌తో ఆగకండి. కబాల్ ఫైలులో ఆ ఒక్క వార్నింగ్‌నే ఎర్రర్‌గా మార్చవచ్చు. లేదా మాడ్యూల్ పైభాగంలో, ఇంపోర్టుల తర్వాత, ఈ ఒక్క లైను పెట్టండి:

    డిఫాల్ట్ ()

బ్రాకెట్ల మధ్య ఏమీ లేదు, అంటే ప్రయత్నించే జాబితాయే లేదు. ఇప్పుడు ఆ మాడ్యూల్‌లో తేలని ప్రతి సంఖ్యా ఎర్రరే. డిఫాల్ట్ (ఇంట్) అని కూడా రాయవచ్చు కానీ నేను వద్దంటాను. ఫైలు మధ్యలో ఒక ఎక్స్‌ప్రెషన్ చదివేవాళ్లు ఇంటీజర్ అనుకుంటారు, పైన ఎక్కడో ఉన్న ఒక లైను దాన్ని ఇంట్ చేసేసి ఉంటుంది.

ఈ డిక్లరేషన్ అది ఉన్న మాడ్యూల్‌కే పరిమితం. జీహెచ్‌సీ 9.12లో వచ్చిన నేమ్డ్‌డిఫాల్ట్స్ ఎక్స్‌టెన్షన్‌తో సంఖ్యలవి కాని క్లాసులకూ డిఫాల్ట్ చెప్పవచ్చు, దాన్ని మాడ్యూల్ నుంచి ఎక్స్‌పోర్ట్ కూడా చేయవచ్చు. ఇది ఎక్కువగా పనికొచ్చేది స్ట్రింగుల దగ్గర.

ఓవర్‌లోడెడ్‌స్ట్రింగ్స్ ఆన్ చేస్తే కోట్స్‌లో రాసిన ప్రతి పాఠమూ సంఖ్యలాగే ఏ టైపైనా కావచ్చు: స్ట్రింగ్, టెక్స్ట్, బైట్‌స్ట్రింగ్. అప్పటిదాకా బాగా నడిచిన ప్రింట్ "నమస్తే" ఇప్పుడు యాంబిగ్యువస్ అంటుంది. ఇంటీజర్, డబుల్ రెండూ స్ట్రింగ్ పనికి రావు కాబట్టి డిఫాల్ట్ జాబితా ఆదుకోదు. టైపు స్థిరంగా ఉన్న ఫంక్షన్‌ను వాడటమే ఇక్కడ మంచి దారి. పుట్‌స్టర్‌ఎల్ఎన్ స్ట్రింగ్‌ను మాత్రమే తీసుకుంటుంది, టెక్స్ట్ లైబ్రరీలో అదే పేరుతో ఉన్నది టెక్స్ట్‌ను మాత్రమే తీసుకుంటుంది. మన భాషలో రాసేవాళ్లకు ఇంకో లాభం: ప్రింట్ తెలుగు అక్షరాలను \3112 లాంటి అంకెలుగా చూపిస్తుంది, పుట్‌స్టర్‌ఎల్ఎన్ అక్షరాలుగానే చూపిస్తుంది.

6. జీహెచ్‌సీఐలో నడిచింది కదా అని నమ్మకండి

ప్రాంప్ట్ దగ్గర ప్రయోగాలు చేయడానికి వీలుగా జీహెచ్‌సీఐ (కోడ్‌ను లైను లైనుగా కొట్టి చూసే జీహెచ్‌సీ రూపం) డిఫాల్టింగ్‌ను బాగా సడలిస్తుంది. షో, ఈక్యూ, ఆర్డ్, ఫోల్డబుల్, ట్రావర్సబుల్ క్లాసులు ఉన్నా చాలు, డిఫాల్ట్ చేస్తుంది. పైగా జాబితా మొదట్లో యూనిట్ టైపు, అంటే (), చేరుస్తుంది. అందుకే ఖాళీ లిస్టును చూపించమంటే ప్రాంప్ట్ దగ్గర చూపిస్తుంది, ఫైలులో పెడితే ఎర్రర్ ఇస్తుంది.

కొత్తవాళ్లను బాగా తికమక పెట్టేది రీడ్ "5". ప్రాంప్ట్ దగ్గర టైపు లేకుండా కొట్టి చూడండి. నో పార్స్ అంటుంది. 5 ను చదవలేకపోవడమేమిటి? దాన్ని () గా చదవబోయింది కాబట్టి. రీడ్ ఫంక్షన్ పాడైందేమోనని వెతకకండి, రీడ్ @ఇంట్ "5" అని కొట్టండి.

ఫైలులో ఉండే నియమాలే ప్రాంప్ట్ దగ్గరా కావాలంటే సెట్ కమాండ్‌తో నో-ఎక్స్‌టెండెడ్‌డిఫాల్ట్‌రూల్స్ ఆన్ చేసుకోండి. నేర్చుకునే రోజుల్లో ఇలా పెట్టుకోవడమే మంచిదని నా నమ్మకం. రెండు చోట్ల రెండు రకాల జవాబులు చూస్తూ నేర్చుకుంటే నియమం మనసుకు పట్టదు.

7. సొంత క్లాసు రాసేటప్పుడు యాంబిగ్యుటీని ముందే ఆలోచించండి

కిలో, లీటర్ లాంటి కొలతల టైపులు పెట్టుకుని ప్రతిదానికీ ఒక పేరు ఇవ్వాలనుకున్నారు.

    క్లాస్ కొలత ఎ వేర్
      యూనిట్‌పేరు :: స్ట్రింగ్

జీహెచ్‌సీ క్లాసు దగ్గరే అడ్డుపడుతుంది. యూనిట్‌పేరు టైపులో ఎ లేదు, కాబట్టి దాన్ని ఎవరు పిలిచినా ఎ తేలదు. అలౌ-యాంబిగ్యువస్-టైప్స్ ఆన్ చేయమని మెసేజ్‌లో సూచన కనిపిస్తుంది. పేరు చూసి భయపడే ఎక్స్‌టెన్షన్లలో ఇదొకటి. నిజానికి ఇది చేసేది తనిఖీని డెఫినిషన్ దగ్గర నుంచి పిలిచే చోటికి వాయిదా వేయడమే. పిలిచేటప్పుడు యూనిట్‌పేరు @కిలో అని రాస్తే అంతా తేలిపోతుంది. ఇంకో ఫంక్షన్ లోపలి నుంచి పిలుస్తుంటే, ఆ ఫంక్షన్ సిగ్నేచర్‌లో ఫర్‌ఆల్ ఎ అని బయటికి రాయండి. లేకపోతే లోపల రాసిన @ఎ కు అర్థం ఉండదు.

పాత లైబ్రరీలు ఇదే పనిని ప్రాక్సీ అనే ఖాళీ ఆర్గ్యుమెంట్‌తో చేశాయి. యూనిట్‌పేరు :: ప్రాక్సీ ఎ -> స్ట్రింగ్ అని రాస్తే ఎ టైపులోకి వచ్చేస్తుంది, ఏ ఎక్స్‌టెన్షనూ అక్కర్లేదు. మీ లైబ్రరీని వాడేవాళ్లలో కొత్తవాళ్లు ఎక్కువైతే ప్రాక్సీయే మేలు, మర్చిపోతే ఆర్గ్యుమెంట్ తక్కువైందన్న సులువైన ఎర్రర్ వస్తుంది.

రెండు టైపులు తీసుకునే క్లాసుల్లో చిక్కు వేరు. ఒక పెట్టె, అందులో పెట్టే వస్తువు అనుకోండి. ఖాళీ పెట్టెను ఇచ్చే మెథడ్‌లో వస్తువు టైపు కనపడదు, కాబట్టి అది తేలదు. పెట్టె తెలిస్తే వస్తువు తెలిసినట్టే అని మీరు కంపైలర్‌కు చెప్పాలి. 2000లో మార్క్ జోన్స్ ప్రతిపాదించిన ఫంక్షనల్ డిపెండెన్సీలు అందుకే ఉన్నాయి.

    క్లాస్ పెట్టె పి వి | పి -> వి వేర్
      ఖాళీ :: పి
      చేర్చు :: వి -> పి -> పి

ఎంటీఎల్ లైబ్రరీలో స్టేట్‌కు ఉన్న క్లాసు ఇదే పద్ధతిలో ఉంటుంది, మోనాడ్ తెలిస్తే స్టేట్ టైపు తెలుస్తుంది. అసోసియేటెడ్ టైపులతోనూ (క్లాసు లోపలే ప్రకటించే టైపులు) ఇదే పని చేయవచ్చు.

8. అన్నింటికీ సరిపోయే ఒకే ఇన్‌స్టెన్స్ రాయకండి

డిఫాల్ట్ అనగానే కొందరు ఇంకోటి ఊహిస్తారు. షో ఉన్న ప్రతి టైపుకూ నా అందం క్లాసు ఇన్‌స్టెన్స్ దానంతట అదే రావాలి అని:

    ఇన్‌స్టెన్స్ షో ఎ => అందం ఎ

జీహెచ్‌సీ ఇన్‌స్టెన్స్ వెతికేటప్పుడు బాణం కుడి వైపు మాత్రమే చూస్తుంది. అక్కడ వట్టి ఎ ఉంది, అది ప్రపంచంలోని ప్రతి టైపుకూ సరిపోతుంది. షో ఉందా లేదా అన్నది ఎంచుకున్నాకే చూస్తుంది, లేదని తేలితే వెనక్కి వెళ్లి ఇంకోటి వెతకదు. మీరు ఇంట్‌కు విడిగా ఇంకో ఇన్‌స్టెన్స్ రాస్తే రెండూ ఢీకొంటాయి. ఓవర్‌ల్యాపబుల్ అని గుర్తు పెట్టి నెట్టుకురావచ్చు, కానీ ఏది ఎక్కడ ఎంపికవుతుందో చదివి చెప్పడం కష్టమవుతుంది.

బదులుగా క్లాసు లోపలే షోతో పనిచేసే డిఫాల్ట్ మెథడ్ ఇవ్వండి, డిఫాల్ట్‌సిగ్నేచర్స్ ఎక్స్‌టెన్షన్ అందుకు వీలిస్తుంది. అప్పుడు ప్రతి టైపుకూ ఒక ఖాళీ ఇన్‌స్టెన్స్ లైను రాస్తే చాలు. జీహెచ్‌సీ 8.6 నుంచి ఉన్న డెరైవింగ్‌వయా (ఒక టైపు ఇన్‌స్టెన్స్‌ను ఇంకో టైపు నుంచి తెచ్చుకునే ఎక్స్‌టెన్షన్) ఇంకా శుభ్రమైన దారి. రెండింట్లోనూ ఏ టైపుకు ఆ నడత కావాలో మీరే ఎంచి చెబుతారు.

9. లీన్ 4 రాస్తుంటే

టైప్ క్లాసులున్న ఇంకో భాష లీన్. అందులో డిఫాల్ట్ ఇన్‌స్టెన్స్ అన్నది భాషలోనే ఉన్న సౌకర్యం. ఇన్‌స్టెన్స్ డెఫినిషన్‌కు డిఫాల్ట్_ఇన్‌స్టెన్స్ అనే గుర్తు తగిలిస్తే, టైపు తేలక వెతుకులాట ఆగిపోయినప్పుడు లీన్ దాన్ని వాడుకుంటుంది. అలాంటివి ఒకటికి మించి ఉంటే ప్రయారిటీ చూస్తుంది. హాస్కెల్‌లో టైపుల జాబితా ఉంటుంది, లీన్‌లో ఇన్‌స్టెన్స్‌కే గుర్తు ఉంటుంది. అందువల్ల సంఖ్యలకే కాదు, మీ సొంత క్లాసుకూ పెట్టుకోవచ్చు.

టైప్‌క్లాస్ ఇన్‌స్టెన్స్ ప్రాబ్లమ్ ఈజ్ స్టక్ అని లీన్ చెబితే, డిఫాల్ట్ ఇన్‌స్టెన్స్ పెట్టేముందు అవుట్‌పారమ్ సరిపోతుందేమో చూడండి. క్లాసులో ఏదైనా పారామీటర్ మిగతావాటిని బట్టి తేలేదైతే దాన్ని అవుట్‌పారమ్‌గా గుర్తిస్తే చాలు, వెతకడానికి అది ముందే తెలియాల్సిన పని లేదు. రెండు వేరు టైపులను కూడే హెచ్‌యాడ్ క్లాసులో ఫలితం టైపు అలాంటిదే. డిఫాల్ట్ ఇన్‌స్టెన్స్ ఒక ఊహ, అవుట్‌పారమ్ ఒక నియమం. వీలైన ప్రతిచోటా నియమాన్నే ఎంచుకోండి.

లీన్‌లోనూ రాని ఎర్రర్ గురించే జాగ్రత్త. టైపు లేని సంఖ్యలు నాట్, అంటే సహజ సంఖ్యలుగా డిఫాల్ట్ అవుతాయి, సహజ సంఖ్యల్లో రుణ సంఖ్యలు లేవు. #ఇవాల్ 3 - 5 కొడితే 0 వస్తుంది. (3 - 5 : ఇంట్) అని రాస్తే -2 వస్తుంది. తీసివేత ఉన్న ప్రతి లైనులో, ఫలితం సున్నా కంటే తగ్గే అవకాశం ఏ కొంచెం ఉన్నా, టైపు రాసి పెట్టండి.